ఇరవై అయిదు ఆదివారాల మేత

"కిస్‌కా హై?" అంది మునిర్కా మెట్రో స్టేషన్లో తనిఖీ చేసే ఆవిడ, యంత్రం నోట్లోంచి జారి వచ్చిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాని వేలితో పొడుస్తూ, ఎవరిదిది అని. "మేరా హై, దీదీ," అంది అనుగ్రహ, నాదే అని, అనేసి నాలుక కరుచుకుంది, ఎందుకంటే డబ్బా తనదే, డబ్బాలో ఉన్న రెండు ప్లేట్లలో ఒకటి తనదే, రెండోది మాత్రం పొద్దున ఏడున్నరకి లేబ్‌లోకి ఎవరూ రాకముందు తన జూనియర్ శశిధర్ అరలోంచి తీసి చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది. మూత తియ్యమంటే తీసింది. అరచేతంత గుండ్రటి ప్లేట్లు, గడ్డకట్టిన గంజిలాంటి తిండి మీద పలచటి పూత, ఒకటి పసుపు పచ్చన, ఒకటి వెలిసిపోయి పాలమీగడ రంగు. ఏంటిది, హల్దీనా, పసుపా, అంది ఆవిడ. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు దీదీ, చదువు పని, మనుషులకేం చెయ్యవు, అంటే ముక్కు చిట్లించి, ఠీక్ హై ఠీక్ హై, ముందా మూత పెట్టు, అని పంపేసింది. ఇంత సులువా. తనైతే వదిలేది కాదు. తనైతే ఆ పసుపుది ఎక్కడిదమ్మా అని నిలదీసి ఉండేది.

రైలెక్కి కూర్చున్నాక గాని ఊపిరి వదల్లేదు. శనివారం కాబట్టి సీటు దొరికింది. డబ్బా ఒళ్లో, బ్యాగు కాళ్ల మధ్య, బ్యాగులో ఫోల్డరు, ఫోల్డర్లో రెండు పేజీల ఫిర్యాదు. పన్నెండింటికి నోయిడాలో గైడు సరోజినీ మేడమ్ ఇంట్లో రెండు ప్లేట్లూ పక్కపక్కన చూపించి ఆ కాగితం ఆవిడ చేతికివ్వాలి. ఫోన్లో చెప్పెయ్ అంది మేడమ్, చెప్పలేదు, "నేరుగా మాట్లాడాలి మేడమ్, ఇంపార్టెంట్" అంది, అంతే. సోమవారం పదకొండింటికి శశిధర్ ఆఖరి సెమినార్. బయటినుంచి ఇద్దరు ప్రొఫెసర్లొస్తారు, అతను తెర మీద పసుపు బొమ్మ వేస్తాడు, వాళ్లు తలలూపుతారు, అనుగ్రహ అయిదేళ్ల చాకిరీ అతని పేరు మీద థీసిస్ అయిపోతుంది. ఆ తలలూపడం ఆపాలి. కాగితం ముందే చేరితే సెమినార్ ఆగుతుంది, విచారణ వేస్తారు, విచారణ అంటే ఏడాదో రెండేళ్లో, ఈలోపు అతని ఫెలోషిప్ గడువైపోతుంది, డిగ్రీ లేకుండా మూటా ముల్లే సర్దుకుని సూర్యాపేట పోతాడు. పోతే పోనీ. అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగి ఈ పని చేసినవాడు పోతే పోనీ. ఎదురు సీట్లో ముసలాయన డబ్బా వంకే చూస్తున్నాడు. ఏం తాతా, అన్నం కాదులే, అనుకుని డబ్బా మీద చున్నీ కప్పింది.

పసుపుది. కాగితాల మీద దానికి అక్షరాలూ అంకెలూ కలిపిన పేరుంది గాని తన నోటికి ఎప్పుడూ పసుపుదే. అయిదేళ్ల కిందట వానాకాలంలో క్యాంపస్ వెనకాల రాళ్ల అడవిలో నీల్‌గాయ్ అనే అడవి జంతువు పేడ ఉండలు ఏరుకుంటుంటే అమ్మ వీడియో కాల్లో చూసి, ఎమ్మెస్సీ చదివించింది ఇందుకటే, అని పకపకా నవ్వింది. ఆ పేడలోంచే వచ్చింది. వేటాడే జాతి. ఒంటరిగా తిరగదు, గుంపుగా పాకుతూ పోయి ఎదురైన బ్యాక్టీరియా మీద రసాలు వదిలి, కరిగించి, తాగేస్తుంది. తిండి లేకపోతే లక్షలకొద్దీ ఒకచోట చేరి గుట్టగా పేరుకుంటాయి, కొన్ని చస్తాయి, కొన్ని గింజలుగా మారి మంచి రోజుల కోసం కాచుకుంటాయి. దాని ఒంట్లో విషాలు చెయ్యగల జన్యువుల వరసలు ఇరవై పైన ఉన్నాయి, అన్నీ అన్నివేళలా పనిచెయ్యవు. ఒక్కో వరసకీ ఒక కాపలా జన్యువు. ఆకలేసినప్పుడో, పక్కన పరాయిదాని వాసన తగిలినప్పుడో కాపలా పక్కకి తప్పుకుంటుంది, విషం తయారవుతుంది. కడుపు నిండిన రోజున విషం చేసుకోవడం దండగ కదా. అనుగ్రహ మూడేళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుని ఒక కాపలాని కత్తిరించి పారేసింది, కత్తిరించిన చోట ఇరవై అక్షరాల గుర్తు వదిలింది, పుట్టుమచ్చలాంటిది, తనకొక్కదానికే తెలుసు. జనవరిలో ప్లేటు పసుపు పచ్చగా వెలిగింది. అమ్మ నర్సుగా పనిచేసే వార్డులో ఆపరేషన్ పుళ్లని కుళ్లబెట్టే క్రిమి, ఏ మందుకీ లొంగనిది, దాని నడుమ ఈ పసుపుదాన్ని ఒక్క చుక్క పెడితే చుట్టూ పంతొమ్మిది మిల్లీమీటర్ల మేర క్రిమి చచ్చి తేటబడింది. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. మార్చిలో అది పద్దెనిమిది. ఏప్రిల్లో పదిహేను, మేలో పన్నెండు, జూన్లో ఎనిమిది, జూలైలో మూడు, ఆగస్టులో మొన్న సున్నా. ప్లేటు నిండా కొవ్వెక్కినట్టు పెరిగింది, పసుపు లేదు, చంపడం లేదు. ఇది నా పసుపుది కాదు. ఎవరో మార్చేశారు. ఎవరో ఏమిటి, ఎవరో తనకి తెలీదా.

వచ్చే స్టేషన్ హౌజ్ ఖాస్ అంటోంది మైకు. జనం ఎక్కారు, ఎవరిదో మోచెయ్యి డబ్బాకి తగిలింది, ఒళ్లు మండింది. లేబ్‌లో లోతు ఫ్రీజరు ఒకటుంది, సున్నాకి ఎనభై డిగ్రీల కింద, అందరి అసలు ట్యూబులూ అందులోనే. దాని తాళం చెవి మార్చిలో మేడమ్ శశిధర్ చేతికిచ్చింది. ఏడాది సీనియర్ని నేనుండగా వాడికెందుకు మేడమ్ అని అడగలేదు. అదే వారం అతను నవ్వుతూ వచ్చి, "అక్కా, నీ పసుపుదాంట్ల ఒకటిస్తవా? నా దాని పక్కన పెట్టి చూస్త," అన్నాడు. ఇవ్వనంది. "అచ్ఛా, అట్లనే," అని పోయాడు నిమ్మకు నీరెత్తినట్టు. పదిహేను రోజులకి అతని ప్లేట్లు పసుపెక్కాయి. "నా దానికీ పచ్చకామెర్లొచ్చినై అక్కా!" అని అందరికీ చూపించి నవ్వాడు. ఎంత ధైర్యం. ఆ మర్నాడే తన ప్లేటుకి చుట్టిన సాగే పట్టీ ఎడమ నుంచి కుడికి చుట్టి ఉంది, తనెప్పుడూ కుడి నుంచి ఎడమకి చుడుతుంది, ఎవరో విప్పారు, విప్పి మళ్లీ చుట్టారు. ఆ సాయంత్రమే చిన్న పెట్టె కొని, ప్లేట్లు అందులో పెట్టి తాళం వేసి, సూక్ష్మజీవుల్ని పెంచే యంత్రంలో మూలకి తోసింది. అప్పటినుంచి ఫ్రీజరు దగ్గరికి వెళ్లనేలేదు. వెళ్తే పుస్తకంలో పేరు రాయాలి, తాళం అతన్ని అడగాలి, అతను తీసి అందించాలి. నా పిల్లని చూడ్డానికి వాణ్ణి బతిమాలాలా.

తాళం నీ చేతిలో లేని అలమరలో నీది ఏదీ పెట్టకే, అంటుంది అమ్మ. ఆనందకుమారి సిస్టర్ అంటే ద్వారకలో ఆవిడ పనిచేసే ఆసుపత్రి మొత్తానికీ తెలుసు, నడుముకి తాళాల గుత్తి లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూళ్లేదు. మొదటినుంచీ కాదు. అనుగ్రహ ఎనిమిదో క్లాసులో ఉండగా వార్డులో నొప్పి ఇంజెక్షన్లు ఆరు కనపడలేదు, డ్యూటీలో ఉన్నది అమ్మ, అమ్మే తీసిందని రాసిచ్చింది జెనీఫర్ ఆంటీ, రేపల్లె నుంచి అమ్మతో ఒకే రైల్లో వచ్చి ఒకే గదిలో అన్నం వండుకుని తిన్న జెనీఫర్ ఆంటీ. మూడు వారాలు అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇంటికొచ్చి పంపు తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేది, పిల్లకి వినపడదనుకుని. ఇంజెక్షన్లు పక్క వార్డు ఫ్రిజ్‌లో దొరికాయి, ఎవరో మార్చి పెట్టారు, దొంగతనం కాదు పాడూ కాదు. ఆంటీ సారీ చెప్పింది. ఇప్పటికీ ఇద్దరూ ఒకే చర్చికి వెళ్తారు, ఒకే వరసలో కూర్చుంటారు, మధ్యలో అమ్మ హ్యాండ్‌బ్యాగు ఉంటుంది. ఛ, అదీ ఇదీ ఒకటి కాదు. ఆంటీ ఏమీ చూడకుండా రాసింది. నేను చూశాను. కళ్లారా చూశాను.

చూసింది జూన్లో, పట్టపగలు. ఎండకి ట్రాన్స్‌ఫార్మర్ పేలి భవనమంతా కరెంటు పోయిన రోజు. జనరేటరు కూడా మొరాయించింది. చెమటలు కక్కుతూ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఫ్రీజరు తలుపు బార్లా తెరిచి ఉంది, శశిధర్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, అతని చేతుల్లో తన ట్యూబుల డబ్బా, మూత మీద తన చేతిరాత. తనని చూడగానే టప్పున మూత మూశాడు. "ఏం లేదక్కా, సర్దుతున్న," అన్నాడు. ఏం లేదా. తను చూసింది, అంతే. ఒక చూపు చూసి తిరిగి మెట్లు దిగి వచ్చేసింది. ఆ సంగతి కూడా ఫిర్యాదులో ఉంది, రెండో పేజీలో, తేదీతో సహా.

ఫోన్ మోగింది, అమ్మ. "ఏమే, బయల్దేరావా? తిన్నావా?" తిన్నా. "ఆ కాగితం ఇచ్చే తీరతానంటావు." ఆఁ. "సరే గాని, ఒక్కటడుగుతా చెప్పు. నీ దాని బలం ఒక్క రోజులో పడిపోయిందా, మెల్లమెల్లగా తగ్గిందా?" ఏంటమ్మా ఇప్పుడు, అంది. "చార్టు చూడందే నేను డాక్టర్ని పిలవను కదే. ఒక్కసారిగా పడితే ఒక జబ్బు, రోజూ కాస్త కాస్త దిగితే ఇంకో జబ్బు. మార్చేసినవాడు ఒకేసారి మారుస్తాడు గాని నెలకింత నెలకింత మారుస్తాడా?" "మమ్మీ, టనెల్‌లో ఉన్నా, ఆవాజ్ నహీ ఆ రహీ," అని పెట్టేసింది. వినపడుతూనే ఉంది, ప్రతి అక్షరం. పద్దెనిమిది, పదిహేను, పన్నెండు. ఏముంది అందులో. తెలివైన దొంగైతే మెల్లగానే మారుస్తాడు, అసలుదాంట్లో కొంచెం నకిలీ కలుపుతాడు, మరుసటి వారం ఇంకొంచెం. తాళం వేసిన పెట్టెలోకా. మారుతాళం ఉండొచ్చు. ఉండకూడదా ఏం? ఉండొచ్చు. అమ్మకి ఈ సంగతులేం తెలుసు. ముసలాయన నెహ్రూ ఎన్‌క్లేవ్‌లో దిగిపోయాడు, దిగుతూ కూడా డబ్బా వంకే చూశాడు.

కాల్కాజీ దాటాక రైలు సొరంగంలోంచి పైకెక్కింది. ఆగస్టు వెలుగు కళ్లలో పడింది, ఓఖ్లా రేకుల కప్పులు, నీళ్ల ట్యాంకులు, తీగల మీద ఆరేసిన చొక్కాలు, ఫోన్ గుర్రుగుర్రుమంది. నోయిడా కంపెనీ నుంచి మెయిలు. పదిహేను రోజుల కిందట తన ప్లేటులోది పంపింది, దాని జన్యువులన్నీ అక్షరం అక్షరం చదివి పంపమని. ఇదే ఆఖరి మేకు. ఇందులో ఇరవై అక్షరాల గుర్తు ఉండదు, అది లేదని తేలితే మార్చారని తేలినట్టే, రెండో ప్లేటులో ఆ గుర్తు ఉందని తేలితే ఎవరు మార్చారో తేలినట్టే, మేడమ్ సోఫాలో కూర్చుని ఇంక ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. ఫైలు తెరిచింది. వెతికింది. ఇరవై అక్షరాలూ ఉన్నాయి.

మళ్లీ వెతికింది. ఉన్నాయి. ఒక్క అక్షరం తేడా లేకుండా తను వదిలిన చోటే, తన పుట్టుమచ్చే. అయితే ఇది పసుపుదే. ఈ పాలమీగడ రంగుది, ఈ చేతకానిది, తన పసుపుదే. ఎవరూ మార్చలేదు. కింద ఇంకో పట్టిక ఉంది, జనవరి నాటి అక్షరాలతో పోలిస్తే వచ్చిన మార్పులు, రెండే. ఒకటి, విషం చేసే వరసని మొదలుపెట్టే మీట జన్యువు, మధ్యలో విరిగి ఉంది. రెండు, గుంపుగా పాకడానికి కావలసిన జన్యువు, అదీ విరిగింది. కాపలాని తను తీసేసింది, లోపలి మీటని అదే విరగ్గొట్టుకుంది. ఎందుకు. ఎందుకో తనకి తెలుసు. ప్రతి ఏడూ కొత్తగా వచ్చిన పిల్లలకి తనే చెప్తుంది, చూడండమ్మా, మూడుసార్లకి మించి ప్లేటు నుంచి ప్లేటుకి మార్చకండి, మూడయ్యాక పారేసి ఫ్రీజర్లోంచి అసలుది తియ్యండి, లేకపోతే ఇవి తిండికి మరిగి వేట మరిచిపోతాయి, అని. విషం చెయ్యడం బరువు. తిండి ఎదురుగా ఉన్నప్పుడు ఆ బరువు దించేసినదే తొందరగా పెరుగుతుంది, మర్నాడు ప్లేటంతా దాని పిల్లలే ఉంటాయి. మూడుసార్లు. తను ఎన్నిసార్లు మార్చింది. జసోలా వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

ఇరవై అయిదు ఆదివారాలు. ఆరాధన అవగానే అమ్మ ఇచ్చిన కోడిపలావు డబ్బా పట్టుకుని నేరుగా లేబ్‌కి, పెట్టె తాళం తీసి, పాత ప్లేటులోంచి ఒక చుక్క కొత్త ప్లేటులోకి, అక్కడే స్టూలు మీద కూర్చుని పలావు తినడం. తిను, నువ్వూ తిను. ఏప్రిల్లో పసుపు తగ్గిందని తిండిలో బలం రెట్టింపు చేసింది, నీరసించిన మనిషికి జావ మానిపించి గుడ్లు పెట్టమంటుంది కదా అమ్మ, అలాగే. జూన్లో మళ్లీ రెట్టింపు. అడవిలో పేడ ఉండల మధ్య వేటాడి బతికినదాన్ని కూర్చోబెట్టి మేపింది. ఎందుకు, ఫ్రీజరు తాళం అతని దగ్గరుందని, అతన్ని అడగడం ఇష్టం లేక. దొంగతనం జరక్కుండా కాపాడుతున్నాననుకుంటూ తన చేత్తో తనే చంపుకుంది. అయినా అతనిది పసుపెలా అయింది. అయినా, అని మళ్లీ మొదలుపెట్టబోయి తనమీద తనకే అసహ్యమేసింది. ఈ జాతిలో సగానికి సగం పసుపే, ప్లేటు ముదిరాక రంగెక్కేవీ ఉన్నాయి, అదీ తనే చెప్తుంది పిల్లలకి. అతనిది వాళ్ల కాలేజీ చింతచెట్టు బెరడులోంచి వచ్చింది, ఆ బెరడు గీరుతుంటే తనే పక్కనుండి చూసింది, అది చంపేది వేరే క్రిమిని, అమ్మ వార్డులోదాన్ని కాదు. ఇవన్నీ తెలుసు, ఒక్కటీ ఆ రెండు పేజీల్లో రాయలేదు. మరి పట్టీ? ఎడమ నుంచి కుడికి చుట్టిన పట్టీ? కాళింది కుంజ్ దాటి యమున మీదికొచ్చింది రైలు, నీళ్ల మీద తెల్లగా నురగ, కుడిచేతి బొటనవేలి కింద నున్నటి మచ్చ కనపడింది, మార్చి మొదటి వారంలో స్పిరిట్ దీపం మీద చెయ్యి కాల్చుకున్న మచ్చ. పది రోజులు అన్నీ ఎడమచేత్తోనే చేసింది. పట్టీ చుట్టింది తనే.

బొటానికల్ గార్డెన్, ఆఖరి స్టేషన్. అందరూ దిగారు. మెట్లు దిగి గేటు బయట, ఆటోవాళ్లు మేడమ్ మేడమ్ అంటుంటే గోడకి ఆనుకుని నిలబడింది. మేడమ్ ఇంటికి పది నిమిషాలు. కాగితం చించెయ్యడం ఎంతసేపు. కానీ అంతకంటే ముందు ట్యూబులు. జనవరిలో ఫ్రీజర్లో దాచినవి నాలుగున్నాయి, అవి బతికుంటే పసుపుది బతికే ఉన్నట్టు. శశిధర్ నంబరు నొక్కింది. మార్చి తర్వాత ఇదే మొదటిసారి.

"శశీ, ఫ్రీజర్లో నా జనవరి ట్యూబులున్నాయా?"

అవతల ఏదో స్టూలు జరిగిన చప్పుడు. "ఉన్నాయి. నాలుగూ ఉన్నాయి. జూన్లో కరెంటు పోయినప్పుడు కరగకుండా డ్రై ఐస్‌లో పెట్టాను. మీకు చెప్దామనుకునే లోపల మీరు వెళ్లిపోయారు."

మీరు. అక్క లేదు, నువ్వు లేదు, ఆ సూర్యాపేట యాస కూడా లేదు, బ్యాంకు కౌంటరు వెనకాల కూర్చున్నవాళ్ల తెలుగు మాట్లాడుతున్నాడు. "ఒకటి తీసి బయట పెడతావా శశీ? రెండింటికల్లా వచ్చేస్తా."

"మీరే వచ్చి తీసుకోండి. నేను ముట్టను. తాళం చెవి మీ టేబుల్ మీద పెట్టి, ఫొటో తీసి వెళ్తాను."

"ఫొటో ఎందుకు?"

"జూన్ల మీరు నన్ను చూసిన చూపు నాకు యాదికున్నది," అన్నాడు, అక్కడ మాత్రం యాస ఆగలేదు. "ఆ దినం సంది రోజూ తీస్తున్న. పొద్దున రాంగనే ఒకటి, పోయేటప్పుడు ఒకటి. ఫ్రీజరు, నా అర, మీ పెట్టె. రేపెవరన్న నన్ను ఏమన్న అంటే చూపియ్యాలె కద. ఇయ్యాల పొద్దుగాల ఫొటోల నా ప్లేటొకటి తక్కువొచ్చింది. సెమినార్ల చూపిచ్చేది అదే. నేను ఎవర్నీ అడగ. ఎవరికీ చెప్ప. సోమవారం లోపల దాని జాగల అది ఉంటే సాలు."

పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. రెండు నెలలుగా పక్క టేబుల్ దగ్గర కూర్చుని ఆ పిల్లాడు కూడా తనలాగే కాపలా కాస్తున్నాడన్నమాట, తను నేర్పింది అదేనన్నమాట. మేడమ్‌కి మెసేజ్ కొట్టింది, రెండుసార్లు చెరిపి: మేడమ్, ఇవాళ రావడం లేదు, నా స్ట్రెయిన్ పాడైంది నా చేతులతోనే, సోమవారం శశిధర్ సెమినార్ అయ్యాక వచ్చి అంతా చెప్తాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, చెత్తబుట్టలో వేసి వెనక్కి తిరిగింది.

లోపలికి వెళ్లాలంటే మళ్లీ తనిఖీ. డబ్బా యంత్రంలోకి వెళ్లింది, బయటికొచ్చింది, ఇక్కడి ఆవిడ కూడా దాన్ని పక్కకి లాగి మూత తట్టింది. "కిస్‌కా హై?"

అనుగ్రహ మూత తనే తీసింది. రెండు ప్లేట్లూ చూపించింది. "ఒకటి నాది," అంది హిందీలో. "ఈ పసుపుది నాది కాదు, దీదీ. ఇచ్చెయ్యడానికి తీసుకెళ్తున్నా."